జడ్జిగారి ముందు అత్తగారికి ట్రంకు కాల్

అత్త మీది కోపం దుత్త మీద చూపించడమని సామెత. అందులో ఓ సుఖం ఉంది. దుత్త పగిలి ఊరుకుంటుంది తప్ప వెళ్ళి అత్తకు చాడీలు చెప్పదు. మన కోడలు మాత్రం ఆ కోపాన్ని తీసుకెళ్ళి టీవీలో చూపించింది. అది లోకమంతా తిరిగి, సాయంత్రానికి సొంత ఇంటి హాల్లోకే వచ్చి, కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్న అత్తగారి చెవిలో పడింది. ఇక చూడండి తమాషా!

కోడలు డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీద ముఖం ఎవరిదైనా గొంతు ఈవిడది. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా చెవులతోనే గడిపారు కాబట్టి ఆవిడ లెక్కలో గొంతే మనిషి. "ముఖానికి పౌడరు రాయొచ్చు, ఊపిరికి రాయలేరు" అనేవారు. పక్కింటాయన వచ్చి "బాగున్నారా" అంటే చాలు, ఆయన వెళ్ళాక, "పాపం, పొద్దున్నే పెళ్ళాంతో పోట్లాడాడు" అని తేల్చేసేవారు. అది నిజమయ్యేది కూడా, ఏం చేస్తాం! టీవీ ముందు కూర్చున్నా కళ్ళు మూసుకునే వినేవారు. బొమ్మలు అడ్డమట.

కోడల్ని ఎంచుకున్నదీ చెవులతోనే. దూరపు ఊరికి ఫోను చెయ్యాలంటే ఎక్స్ఛేంజికి చెప్పి, వాళ్ళు కలిపేదాకా పడిగాపులు పడే రోజులవి. కలిపినా మూడు నిమిషాలే, ఆపైన మాట్లాడాలంటే ఆపరేటరు పొడిగించాలి. మందుల కంపెనీ ఆఫీసు నుంచి ఓ అమ్మాయి రోజూ ట్రంకు కాల్ బుక్ చేసేది. ఆలస్యమైతే మిగతావాళ్ళు ఆపరేటరు వంశాన్నంతా తవ్విపోసేవారు. ఈ పిల్ల మాత్రం కాసేపటికోసారి, "అండీ, లైనులో ఉన్నారా?" అని మెత్తగా అడిగి ఊరుకునేది. ఓరోజు అత్తగారు కాల్ కలపడం పక్కన పెట్టి, "ఉన్నానమ్మా. నీకు పెళ్ళయిందా?" అని అడిగేశారు. ముఖం చూసింది సంబంధం ఖాయమయ్యాకే. చూశాక, "గొంతంత కాదుగానీ, ముఖం కూడా బాగానే ఉంది" అన్నారట.

పెళ్ళయ్యాక, "ఈ గొంతు మందుల పేర్లు చదవడానికా?" అని కోడల్ని డబ్బింగులోకి తోసింది కూడా ఆవిడే. తోసినవాళ్ళు ఊరుకోవచ్చుగా! రోజూ సీరియల్ వినడం, వంటింట్లోకి వచ్చి గుడ్డు మీద ఈకలు పీకడం. "ఆ 'హ' ఎక్కడికి పోయిందమ్మాయ్? ఊపిరి ముందే ఖర్చుపెట్టేశావు." కోడలు మూతి ముడుచుకునేది, మర్నాడు దిద్దుకునేది. ఆ ఇంట్లో ప్రేమంటే అదే. ఇంకో రకం ప్రేమ వాళ్ళకు తెలీదు.

ఇంతలో 'నల్లకోటు మడత' వచ్చింది. అదో నవల. చదవని ఇల్లు లేదు, చదివి ఏడవని అత్తగారు లేరు. ఓ లాయరమ్మా, ఆవిడ అత్తగారూ అందులో ముఖ్యులు. కోడలి నల్లకోటును అత్తగారు పొద్దున్నే ఇస్త్రీ చేసి పంపిస్తే, లాయరమ్మ కోర్టులో చెలరేగి గెలిచి వస్తుంది. చివరి పేజీలో అత్తగారు ఆ కోటు తన చేత్తో తొడిగి, "వెళ్ళిరా" అంటుంది. మన అత్తగారి దగ్గరున్న కాపీకి అట్ట ఊడిపోయి చాలా కాలమైంది.

ఆ కథ అక్కడితో ఆగితే టీవీవాళ్ళకు పూట గడవదుగా. నవల ముగిసిన మర్నాటి నుంచి మొదలయ్యేలా ఓ కోర్టు సీరియల్ తీశారు. నవల రాసినాయన హక్కులు అమ్మేసి, ఫోను ఆపేసుకుని, గులాబీ మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ కూర్చున్నాడు. సీరియల్‌కి మాటలు రాసేవాణ్ణి అందరూ మలుపు మాస్టారు అంటారు. నాలుగు సీన్లు సాఫీగా సాగితే అతనికి కడుపుబ్బరం. అందుకని, కోటు ఇస్త్రీ చేసిన ఆ మహాతల్లి మీద దొంగ వీలునామా కేసు పెట్టించి బోనెక్కించాడు. ఆవిడకు వ్యతిరేకంగా వాదించేది ఎవరనుకున్నారు? సొంత కోడలే! ఏ దేశంలో ఏ కోర్టు ఒప్పుకుంటుందయ్యా అని అడిగితే, "మలుపండీ" అన్నాడు.

లాయరమ్మ వేషం వేసిన నటికి భాష రాదు. కెమెరా ముందు మాటలకు బదులు అంకెలు చెప్పేది. "ఒకటి, రెండు, మూడు" అని కళ్ళెర్రజేసేది, "పదకొండు, పన్నెండు" అని వెక్కి వెక్కి ఏడ్చేది. స్టూడియోలో అందరూ అంకెలమ్మ అనేవారు. ఆ అంకెల మీద మన కోడలు అసలు మాటలు పరిచేది. మొదటివారం అత్తగారి ఆనందం ఇంతా అంతా కాదు. తన నవల లాయరమ్మకు తన కోడలి గొంతు! ఫోన్లు చేసి మరీ అందరికీ చెప్పుకున్నారు.

ఆ ఫోన్లే కొంప ముంచాయి. ఓరోజు డబ్బింగ్ మధ్యలో స్టూడియోకే ఫోను చేశారు. రికార్డింగ్ చేసే కుర్రాడు చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కాడు. "అబ్బాయ్, మా కోడలికి చెప్పు. నిన్న 'యువరానర్' అని ముక్కుతో అంది. జలుబు చేసిన కోడిలా ఉంది" అన్న మాట గదంతా మోగింది. కొత్తగా చేరిన అమ్మాయిలు కూడా పడీ పడీ నవ్వారు. కోడలికి చెవుల దాకా మంట లేచింది. సరిగ్గా ఆ తర్వాతి సీనులోనే లాయరమ్మ అత్తగారిని నిలదీయాలి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"నా ఇంట్లో మీరే, నా పనిలో మీరే! చివరికి నా నోట్లో మాట కూడా మీరే చెప్పాలా? ఇక చాలు!" అంది కోడలు మైకు ముందు. మాటలు మలుపు మాస్టారివి. మిగతాదంతా ఆవిడ సొంతం. ఒక్క టేకులో ఓకే అయింది. రికార్డింగ్ కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

ఆ సీను వచ్చిన సాయంత్రం అత్తగారు కళ్ళు తెరిచారు. లేచి టీవీ ఆపేశారు.

"అదేంటత్తయ్యా, అయిపోలేదుగా!" అంది కోడలు.

"నన్ను తిట్టడం అయిపోయిందిగా."

"మిమ్మల్ని నేనెందుకు తిడతాను! అది సీరియలండీ. ఆయన రాసిచ్చింది, నేను చదివాను."

"మాటలు ఆయన రాశాడు. ఊపిరి ఎవరు రాశారమ్మా?"

కోడలు నోరు తెరిచింది. మాట రాలేదు. అత్తగారు ఆ నిశ్శబ్దాన్ని కూడా శ్రద్ధగా విని, తన గదిలోకి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి అత్తగారు కోడలితో మాట్లాడడం మానేశారు. ఏం చెప్పాలన్నా కొడుకు ద్వారానే. కోడలు ఎదురుగా నిలబడి ఉండగానే, "ఒరేయ్, కాఫీలో పంచదార తక్కువైందని ఆ లైనుకు చెప్పు" అనేవారు. ఆ మానవుడు పేపరు దించి, "పంచదార తక్కువైందట" అనేవాడు. "డాక్టరు తగ్గించమన్నాడని చెప్పండి" అనేది కోడలు. "డాక్టరు తగ్గించమన్నాడట." అడకత్తెరలో పోకచెక్కకైనా కాస్త విశ్రాంతి ఉంటుంది, అతనికి లేదు.

కోడలు క్షమాపణ చెప్పుకుందామని ఎదురుగా వెళ్తే, "ముఖం పెట్టుకుని చెప్పే మాటలు నాకు తెలీవని చెప్పరా" అని అత్తగారు అటు తిరిగేవారు. ఫోను చేస్తే పేరు చూసి కట్ చేసేవారు. పైగా చెప్పుల స్టాండు పక్కన ఓ సంచీ ప్రత్యక్షమైంది. "సీరియల్ అయిపోనీ. మొదలుపెట్టింది మధ్యలో వదిలే అలవాటు నాకు లేదు. అయిపోయిన మర్నాడే మీ అక్క ఇంటికి వెళ్ళిపోతాను. ఇక అక్కడే ఉంటాను" అని కొడుకుతో ప్రకటించారు.

ఆ మాట విన్నాక కోడలి గుండె కాస్త కుదుటపడింది. సీరియల్ సంగతి తెలీదా ఏమిటి! ఓసారి మొదలైతే పాత్రల మనవలు పెళ్ళీడుకొచ్చేదాకా ఆగదు. అప్పటికి కోపం చల్లారకపోదు, సంచీకి చెదలు పట్టకపోదు అనుకుంది. కానీ అత్తగారి సంచీ వదిలితేగా! బయటికి వెళ్ళిన ప్రతిసారీ అది కాలికి తగిలేది. తగిలినప్పుడల్లా దాన్ని ఓ జానెడు లోపలికి జరిపేది. చిన్నప్పుడే తల్లి పోయిన పిల్ల. తన గొంతులో ఏముందో చెప్పినవాళ్ళు ఈ లోకంలో ఆవిడొక్కరే.

ఇక అదృష్టం ఎలా ఉందో చూడండి. ఒకపక్క నవల చదివిన జనం టీవీల ముందు కూర్చుని మలుపు మాస్టారి ఏడు తరాలనూ దీవించారు. కోటు ఇస్త్రీ చేసిన తల్లిని బోనులో నిలబెడతావురా అని చానల్‌కి ఫోన్లు చేశారు. కొన్నాళ్ళకు ఫోన్లు కూడా ఆగిపోయాయి, ఎందుకంటే చూడడమే మానేశారు. పట్టుమని ఒక ఋతువు తిరక్కుండానే మలుపు మాస్టారు స్టూడియోకి వచ్చి చావు కబురు చల్లగా చెప్పాడు.

"ఈ శుక్రవారంతో ఆపేస్తున్నారండీ. ఆ టైములో క్విజ్ వేస్తారట. ఆఖరి ఎపిసోడ్ రాసేశాను. అత్తగారికి జైలు."

"జైలా! ఎందుకండీ?" అంది కోడలు.

"మలుపండీ" అని అతను వెళ్ళిపోయాడు. వెళ్ళింది ఇంకో సీరియల్‌కి. కోర్టు సెట్టును అప్పటికే విరిచి ఆసుపత్రి కట్టేస్తున్నారు. జడ్జిగారి బల్ల రిసెప్షన్ కౌంటరైపోయింది.

ఆఖరి డబ్బింగ్ రోజున స్టూడియోలో ముగ్గురే మిగిలారు. కోడలు, రికార్డింగ్ కుర్రాడు, జడ్జి పాత్రకు గొంతిచ్చే ముసలాయన. కోడలు ఆయన్ని బాబాయిగారని పిలుస్తుంది. జడ్జిలకూ, విలన్లకూ, అవసరమైతే కుక్కలకూ ఆయనే గొంతు. కోడలు కాగితం చదివింది. "తల్లిలాంటిదైనా తప్పు తప్పే, ఈ గొంతులో జాలి లేదు" అని ఉంది. ఈ ముక్క అత్తగారు వింటే సంచీతో పాటు బీరువా కూడా పట్టుకెళ్తారు. కాగితం మడిచి పక్కన పడేసింది.

"బాబాయ్‌గారూ, ఇవాళ తీర్పు మార్చాలి."

సంగతంతా విని ముసలాయన మీసం కింద నవ్వుకున్నాడు. "అమ్మడూ, జడ్జికి లంచమిస్తున్నావా?"

"ఇవ్వడం లేదండీ. కాళ్ళావేళ్ళా పడుతున్నాను."

"అయితే సబబే. కానీ జడ్జి పెదాలు కదుల్తాయిగా?"

కదలవు. జడ్జి వేషగాడు ఇంకో సీరియల్లో తాతగారైపోయి అప్పటికే గడ్డం పెంచేశాడు. అందుకని తీర్పు చదువుతున్నంతసేపూ తెర మీద కనిపించేది ఓ చెయ్యీ, ఓ పెన్నూ. ఇక బోనులో ముద్దాయి ఏడుస్తోందంటారా? ఏడుపుదేముంది! జైలుకెళ్ళినా అదే ఏడుపు, ఇంటికెళ్ళినా అదే ఏడుపు.

"మేడమ్, చానల్‌వాళ్ళు వింటే?" అన్నాడు కుర్రాడు.

"వినేవాళ్ళుంటే ఎందుకాపేస్తార్రా?" అన్నాడు బాబాయి. నిజమే కదా అని కుర్రాడు మీట నొక్కాడు.

తెర మీద అంకెలమ్మ కోటు సర్దుకుని, "నలభై ఆరు, నలభై ఏడు" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కోడలికి కిసుక్కున నవ్వొచ్చింది. టేకు పోయింది. రెండోసారి తమాయించుకుని, గొంతులో కావలసినంత తడి పోసి, "నన్ను క్షమించండి అత్తయ్యా" అని సాగదీసింది. కుర్రాడు కళ్ళు తుడుచుకుని, "అద్భుతం మేడమ్, ఓకే!" అన్నాడు.

"ఓకే కాదు. దొంగ ఏడుపు. మా అత్తయ్య మొదటి మాటకే పట్టేస్తారు" అంది కోడలు. ఆవిడకు నిజంగా భయమేసింది. ఎన్నో ముఖాలకు ఎన్నో ఏడుపులు అరువిచ్చింది. తనకు కావలసివచ్చేసరికి ఒక్కటీ పనికిరావడం లేదు.

బొమ్మ ఆపేయమంది. హెడ్‌ఫోను తల మీంచి తీసి, ఒకవైపు డిప్పను పాతకాలపు రిసీవరులా చెవికి ఆనించుకుంది. "మరి పెదాల కొలత?" అన్నాడు కుర్రాడు. "అంకెలకు కొలతేమిటి నాయనా, ఎక్కడో అక్కడ సర్దెయ్" అని కళ్ళు మూసుకుంది. "అత్తయ్యా, లైనులో ఉన్నారా?" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత నోటికొచ్చిన మాటలేవీ ముందు అనుకున్నవి కావు. ఆవిడ ఆగాక బాబాయి తన తీర్పు చెప్పడం మరిచిపోయి, కుర్రాడు మోచేత్తో పొడిస్తేగాని తేరుకోలేదు.

శుక్రవారం సాయంత్రం అత్తగారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. జిప్పు పట్టక ఉబ్బిపోయిన సంచీ చెప్పుల స్టాండు పక్కనే ఉంది. మర్నాటి ప్రయాణానికి టికెట్టు కూడా కొడుకు చేతే కొనిపించారు. అతను మధ్యలో మోడా మీద కూర్చున్నాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చీర కొంగును తాడులా పేనేస్తోంది.

టీవీలో లాయరమ్మ లేచింది. బోను వైపు నడిచింది.

"అత్తయ్యా, లైనులో ఉన్నారా?"

"కోర్టులో లైనేమిటి?" అన్నాడు కొడుకు. అత్తగారు కళ్ళు తెరవకుండానే వేలెత్తారు. అతను కుక్కిన పేనయ్యాడు.

"ఆ రోజు నిజంగానే కోపమొచ్చి అన్నాను. నటన కాదు. అంతమందిలో నన్ను కోడిని చేస్తే రాదా? మళ్ళీ అలా చేస్తే మళ్ళీ వస్తుంది. కానీ మీరు మాట మానేసిన దగ్గర్నుంచి నేనేం చదివినా అందరూ బాగుందే అంటున్నారు. మొన్నొక మాట సగం మింగేశాను అత్తయ్యా, ఒక్కరికీ తెలీలేదు. హడలిపోయాను. వినేవాళ్ళు లేకపోతే నా గొంతు నాకెందుకు? క్షమించండి. లైను మాత్రం కట్ చెయ్యకండి."

ఈ మాటలకూ తెర మీది బొమ్మకూ ఏ పొంతనా లేదు. 'క్షమించండి' దగ్గర అంకెలమ్మ ఫైలు బల్లకేసి బాదింది. 'కట్ చెయ్యకండి' దగ్గర వేలు చూపించి బెదిరించింది. ఆ తర్వాత చెయ్యీ, పెన్నూ వచ్చాయి. బాబాయి గొంతు ఖంగుమంది. "ఇది ఇంటి గొడవ. కోర్టు టైము తినేశారు. ఇద్దరూ ఇంటికెళ్ళి ముందు ఆ కోటు ఇస్త్రీ చేసుకోండి. కేసు కొట్టేశాను!" బోనులో ముద్దాయి భోరుమంది. చక్కగా అతికింది. ఆ మలుపు తనదేనని మలుపు మాస్టారు ఇప్పటికీ చెప్పుకు తిరుగుతున్నాడు, అది వేరే సంగతి.

సబ్బు ప్రకటన వచ్చింది. అత్తగారు లేచారు. కోడలి వైపు చూడలేదు. గుమ్మం దాకా వెళ్ళి సంచీ అందుకుని, దాన్ని ఈడ్చుకుంటూ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

"ఇంకా ఏదో సర్దుకోవాలేమో" అన్నాడు కొడుకు నసుగుతూ. "ఏమైనా చెప్పమంటావా?"

"ఇంకేం చెప్తారండీ! లోకమంతా వినేలా చెప్పేశాగా" అంది కోడలు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మైకు లేదు, తెర లేదు, ఈ ఏడుపు ఎవరికీ అక్కర్లేదు.

అప్పుడు గట్టు మీద సెల్‌ఫోను మోగింది. తడి చేత్తోనే తీసి చూస్తే, 'అత్తయ్య'.

"హలో" అంది. అవతల్నుంచి మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"అత్తయ్యా..."

"ఉన్నానమ్మా."

కోడలు గోడకు చేరగిలబడింది.

"ఆ రోజుదీ నిజమే, ఇవాళ్టిదీ నిజమే. రెండూ విన్నాను" అన్నారు అత్తగారు. "అందరి ముందూ అనడం నాదే తప్పు. ఆ వెధవ స్పీకరు పెట్టాడని నాకేం తెలుసు? ఇకనుంచి ఇంట్లోనే అంటాను."

"అనండత్తయ్యా."

"అంటాను, నీ అనుమతి కావాలా ఏమిటి! 'క్షమించండి'లో 'క్ష' తేలిపోయింది."

"ఏడుస్తూ అంటే తేలిపోదూ?"

"ముందు ఏడ్చెయ్యాలి. తర్వాత మాట్లాడాలి. ఎన్నిసార్లు చెప్పాను?"

కోడలికి ఏడుస్తూనే నవ్వొచ్చింది. అవతల ఏదో బరబరమన్న చప్పుడు, వెనకే బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు. ఇన్నేళ్ళు ఆవిడ దగ్గర శిష్యరికం చేసింది కాబట్టి కోడలికీ చెవులున్నాయి. అది సంచీ జిప్పు తీస్తున్న చప్పుడు. చీరలు ఒక్కొక్కటే తిరిగి బీరువాలోకి వెళ్తున్నాయి. ఆ మాట పైకి అనలేదు.

"టైమైపోయిందేమో అత్తయ్యా" అంది.

"పొడిగిస్తున్నా" అన్నారు అత్తగారు.

హాల్లో కొడుకు గదివైపోసారి, వంటింటివైపోసారి చూశాడు. ఇన్నాళ్ళూ ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసి అరిగిపోయిన మనిషి. ఉండబట్టలేక గట్టిగా అన్నాడు. "ఒక్క గోడేగా అడ్డం! ఇద్దరూ ఇలా బయటికొచ్చి మాట్లాడుకోవచ్చుగా!"

తలుపు వెనక నుంచి ఒక గొంతు, వంటింట్లోంచి ఒక గొంతు, రెండూ ఒక్కసారే లేచాయి.

"లైను మధ్యలోకి రాకురా!"

"లైను మధ్యలోకి రాకండీ!"